తాత వదిలిన ఉలి మనవడు పడతానంటే...

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. వాళ్ల బడిలో ఒక సారు వారానికి రెండు పీరియడ్లు చెక్క పని నేర్పేవారు. అప్పటి నుంచి వీడికి అదే లోకం. ఆ పని నేర్చుకుని, సారులాగే పిల్లలకు నేర్పుతానంటున్నాడు. మా నాన్న వడ్రంగి. కష్టపడి నన్ను చదివించారు, నేను ఉద్యోగంలో స్థిరపడ్డాను. వీడు మళ్లీ ఉలి పడతానంటే మనసు ఒప్పుకోవడం లేదు. నాన్న పనిముట్ల పెట్టె ఇమ్మని అడిగితే ఇవ్వలేదు, అటక మీద పెట్టేశాను. ఎంపీసీ, బీటెక్ చేయించాలా, ఐటీఐ చాలా, లేక బంధువులు చెబుతున్న ఇంటీరియర్ డిజైన్ కోర్సు మేలా? మూడూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: మీ ఉత్తరంలో కోర్సుల ప్రస్తావన ఒక్క వాక్యమే. మిగతాదంతా మీ నాన్నగారి గురించి, ఆయన పెట్టె గురించి. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. మగ్గం ఉన్న ఇంటి నుంచి, కమ్మరి కొలిమి ఉన్న ఇంటి నుంచి, మీలాంటి వడ్రంగి ఇంటి నుంచి. అన్నింటిలోనూ ఒకటే భయం: మేం ఎలాగో బయటపడ్డాం, పిల్లాడు మళ్లీ అక్కడికే వెళ్తానంటున్నాడు. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. మీ నాన్నగారు నాగలి చేసిచ్చి, గింజల కోసం ఒకరి వాకిట్లో నిలబడి ఉండొచ్చు. పేరుతో కాకుండా కులంతో పిలిపించుకుని ఉండొచ్చు. మీరు దూరం జరిగింది ఆ నిలబడటం నుంచి. దానికి ఉలి మీద కోపం ఎందుకు?

మీవాడి పరిస్థితి వేరు. చదువుకున్నాడు, లెక్కలు వచ్చు, వెనుక మీ జీతం ఉంది. అన్నింటికన్నా ముఖ్యం, ఇంకో దారి ఉండి కూడా దీన్ని కోరుకుంటున్నాడు. హైదరాబాద్ చుట్టూ ఉన్న మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్లలో షీట్లు కోసే ప్యానెల్ సా, అంచులకు పట్టీ అతికించే ఎడ్జ్ బ్యాండింగ్ మెషిన్, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ రౌటర్ మీద పని నడుస్తోంది. డ్రాయింగ్ చదివి, కటింగ్ లిస్టు రాసి, చెక్కనూ అర్థం చేసుకోగలిగిన మనిషికి అక్కడ విలువ ఉంది. ఇందులో కష్టం లేదనను. నడుము నొప్పి, పొట్టు, చెప్పిన రోజున డబ్బివ్వని కాంట్రాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ మీ నాన్నగారి బతుకు మీవాడికి మళ్లీ వస్తుందన్న టెన్షన్ మాత్రం వదిలేయండి.

ఇక ఇంటీరియర్ డిజైన్. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. సందుకొకటి వెలసిన ఏడాది డిప్లొమాల్లో పిల్లలు కంప్యూటర్ మీద గదుల త్రీడీ బొమ్మలు గీస్తారు. బొమ్మలు అందంగానే ఉంటాయి. అదే పిల్లాడికి ఒక టేకు పలక ఇచ్చి చిత్రిక పట్టమంటే, చెక్క నార ఎటు నడుస్తోందో చూడడు, ఎదురు పట్టి పైపొర లేపేస్తాడు. వానాకాలంలో చెక్క వెడల్పులో ఉబ్బుతుందని, పొడవులో దాదాపు మారదని అతనికి ఎవరూ చెప్పలేదు. మూడడుగుల వెడల్పు గట్టి చెక్క టేబుల్‌ను నాలుగు వైపులా కదలకుండా స్క్రూలు బిగించమని గీసిస్తాడు. ఎండాకాలం వచ్చేసరికి నడిమధ్య పగులు. సింకు కింద చెక్క నారను జిగురుతో అదిమి చేసిన మామూలు ఎండీఎఫ్ పలక వేయిస్తాడు, నీళ్లు తగిలి అది అప్పంలా పొంగుతుంది. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ షీటులో ముక్కలు ఎలా సర్దితే వృథా తగ్గుతుందో తెలియదు. ఆ తప్పులన్నీ సైట్‌లో మేస్త్రీ సరిదిద్దుతాడు. పేరు మాత్రం డిజైనర్‌ది.

అన్ని కోర్సులూ అంతేనని కాదు. అహ్మదాబాద్‌లో 1961 నుంచి ఉన్న ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), వర్క్‌షాప్‌లో చేత్తో చేయించి నేర్పే చోటు. 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్‌లో ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా వీటి ప్రవేశ పరీక్ష డ్యాట్ రాయొచ్చు. సీట్లు చాలా తక్కువ, పోటీ ఎక్కువ. ఒక ప్రయత్నంగా పెట్టుకోండి, అదే ఆధారం అనుకోవద్దు. వేరే ఏ కాలేజీకి వెళ్లినా ముందు వర్క్‌షాప్ చూపించమనండి. అక్కడ నేల మీద పొట్టు ఉందా, పనిముట్లకు పదును ఉందా, నేర్పే మనిషి తన చేత్తో ఒక్క కుర్చీ అయినా చేశారా అని అడగండి. ఏసీ ల్యాబ్ చూపించి మాట మారిస్తే లేచి వచ్చేయండి.

ఈ కోర్సు మీకెందుకు నచ్చిందో కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. రేపు పెళ్లిలో ఎవరైనా అడిగితే ‘ఇంటీరియర్ డిజైనర్’ అని చెప్పుకోవచ్చు, ‘వడ్రంగి’ అనక్కర్లేదు. ఆ ఒక్క మాట కోసం లక్షలు కట్టి, వాడికి ఇష్టమైన పనిని వాడి చేతి నుంచి లాగేయడం తప్పు. పదిహేనేళ్ల పిల్లాడు తాత పనిముట్లు అడిగితే దాచిపెట్టారు. అదే వాడు ఫోన్ అడిగితే ఇచ్చి ఉండేవారేమో, ఒక్కసారి ఆలోచించండి.

పోల్చమన్నారు కాబట్టి మిగతా రెండూ. బీటెక్ గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. ఇష్టం లేనివాణ్ని నాలుగేళ్లు కూర్చోబెడితే ఏమవుతుందో మీ చుట్టుపక్కల ఇళ్లలోనే కనిపిస్తుంది. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఇప్పుడు వుడ్ వర్క్ టెక్నీషియన్ అంటున్నారు. ఎనిమిదో తరగతి పాసైతే చాలు. అంటే రెండేళ్ల తర్వాత కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది, తొందర లేదు. ఇంటర్ ఆపేస్తే మాత్రం డ్యాట్ పోతుంది, డిగ్రీ పోతుంది, బళ్లో టీచర్ కావాలంటే కావలసిన బీఈడీ కూడా పోతుంది. అందుకే నా మాట ఇంటర్ చదివించమనే. ఏ గ్రూపు అన్నది వాణ్నే ఎంచుకోనివ్వండి. రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే హాస్టల్ కాలేజీలో మాత్రం వేయకండి. వాడి ఆదివారాలు వాడికి మిగలాలి.

బళ్లో చెక్క పని నేర్పాలన్న కోరిక గురించి. చాలా మంచి కోరిక, పాతది కూడా. 1937లో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించినప్పుడే చేతిపని చదువుకు మధ్యలో ఉండాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు వడ్రంగం, కుండల తయారీ లాంటి పనులు రుచి చూపించాలని, పది రోజులు బ్యాగు లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలని చెప్పింది. కాగితం మీద ఉన్నదంతా బళ్లోకి రాలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమికోన్నత స్థాయిలో వందమందికి పైగా పిల్లలున్న బడికి కార్యానుభవం, అంటే చేతిపనులు, నేర్పే పార్ట్‌టైం బోధకులు ఉండాలి. కానీ పార్ట్‌టైం అన్నది పార్ట్‌టైమే, దాని మీద ఇల్లు నడవదు. కాస్త నిలకడైన దారి ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్. ట్రేడ్ పూర్తిచేశాక క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఇంకో ఏడాది. హైదరాబాద్‌లో చేతిపనికి పెద్దపీట వేసే వాల్డార్ఫ్ తరహా బడుల వంటి చోట్ల కూడా చెక్క పని తెలిసినవాళ్లు కావాలి. ఎక్కడైనా సరే, ముందు తన పని తనకు రావాలి. ఇరవైమంది పిల్లల చేతుల్లో ఉలులు పెట్టి, రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండేలా చూడటం ఆషామాషీ కాదు. ఆ సారు ఎన్నేళ్లు పని చేశాక బడికి వచ్చారో మీవాణ్ని అడిగి తెలుసుకోమనండి.

వాడిది నిజమైన ఇష్టమా, పీరియడ్ సరదానా అన్నది మాటల్లో తేలదు. ఈ సెలవుల్లో ఒక స్టూలు చేయమనండి. మేకులు లేకుండా, కాళ్ల కొసలు చెక్కి తొలిచిన గుంటల్లో బిగించి. మొదటిది ఒక పక్కకు ఊగుతుంది, ఊగనివ్వండి. మీరు చూడాల్సింది ఏమిటంటే, ఉలి మొద్దుబారితే తనే సాన పెట్టుకుంటున్నాడా, కోసే ముందు మూలమట్టం పెట్టి ఇంకోసారి చూసుకుంటున్నాడా, ఉప్పు కాగితం రుద్దే విసుగు పనిని దాటవేస్తున్నాడా. మూడో స్టూలు కూడా అడక్కుండా మొదలుపెడితే ఇక నన్ను అడగక్కర్లేదు. రెండో స్టూలు సగంలో వదిలేస్తే అదీ మంచిదే, ఖర్చు లేకుండా తెలిసింది. వాణ్ని దెప్పకండి.

ఒక్క జాగ్రత్త. పద్దెనిమిది నిండేదాకా కరెంటు మీద తిరిగే రంపం ఉండే టేబుల్ సా దగ్గరికి పోనివ్వకండి, చేతి పనిముట్లు చాలు. పొట్టు లేచే చోట మాస్కు తప్పనిసరి. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. ఒకరోజు నిర్మల్ తీసుకెళ్లండి, మీకు దగ్గరే. పొనికి చెక్కతో బొమ్మలు చేసేవాళ్ల పక్కన కూర్చోబెట్టి, నెలకెంత మిగులుతుందో కూడా వాడినే అడగనివ్వండి.

ముందుగా ఆ పెట్టె దించండి. ఉలులు తుప్పు పట్టి ఉంటాయి. కిరోసిన్‌లో రాత్రంతా ఉంచి, గుడ్డతో తుడిచి, రాయి మీద వాడి చేతే పదును పెట్టించండి. మీ నాన్నగారు ఆ ఉలిని ఎలా పట్టుకునేవారో వాడికి తెలియదు, మీకు తెలుసు. చూపించండి. గూటం పగిలి ఉంటే కొత్తది కొనకండి. చింత మొద్దు ఒకటి తెచ్చిస్తే వాడే చేసుకుంటాడు.