గిట్‌ఇగ్నోర్‌లో రాసినా ఫైల్ స్టేటస్‌లో కనిపిస్తూనే ఉంది, ఎందుకు?

పాస్‌వర్డ్‌ల లాంటి సెట్టింగులుండే డాట్ ఈఎన్‌వీ (.ఈఎన్‌వీ) ఫైల్ పేరు, గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో రాశాక కూడా, ఫైల్ మార్చినప్పుడల్లా గిట్ స్టేటస్ "మోడిఫైడ్" అనే చూపిస్తోందని అడిగారు. నేను దీని మీద ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. స్పెల్లింగ్ తప్పేమోనని, ముందో స్లాష్ వెనకో స్లాష్ పెట్టి నాలుగు రకాలుగా రాసి చూశాను. తప్పు అక్కడ లేనే లేదు.

గిట్ ఇంకా ట్రాక్ చేయని, అంటే దాని రికార్డులో ఇంకా చేరని ఫైళ్లకే గిట్‌ఇగ్నోర్ వర్తిస్తుంది. మీ ఫైల్ ఎప్పుడో కమిట్ అయిపోయి ఉంటుంది. "గిట్ ఎల్ఎస్-ఫైల్స్ .ఈఎన్‌వీ" కొట్టండి, పేరు కనబడిందంటే అదే సంగతి. అప్పుడు "గిట్ ఆర్ఎం --క్యాష్డ్ .ఈఎన్‌వీ" కొట్టి కమిట్ చేయండి. గిట్ ట్రాక్ చేసే ఫైళ్ల జాబితా అయిన ఇండెక్స్‌లోంచి పోతుంది, మీ డిస్క్ మీద మాత్రం ఉంటుంది.

నేను ఇంతవరకూ చేసి, పుష్ కొట్టి హాయిగా పడుకున్నాను. పొద్దున్నే టీంలో ఒకతని ఫోన్: "అన్నా, పుల్ చేశాక యాప్ లేవట్లేదు, డేటాబేస్ పాస్‌వర్డ్ లేదంటోంది." నా దగ్గర ఫైల్ భద్రంగానే ఉంది. కానీ ఆ కమిట్‌లో రికార్డయింది డిలీట్ కదా! పుల్ చేయగానే అతని దగ్గర ఫైల్ ఎగిరిపోయింది. "గిట్ షో హెడ్~1:.ఈఎన్‌వీ > .ఈఎన్‌వీ" అని పాత కమిట్‌లోంచి తెచ్చుకోమన్నాను. మీరు మాత్రం పుల్‌కి ముందే కాపీ తీసి పెట్టుకోమని అందరికీ చెప్పండి.

అలా పాత కమిట్‌లోంచి ఫైల్ తేలిగ్గా వచ్చేసినప్పుడే నాకు అసలు టెన్షన్ మొదలైంది. రిపో (హిస్టరీతో సహా ప్రాజెక్ట్ మొత్తం) అందిన ఎవరైనా అలాగే తీసుకోవచ్చు. మీ ఫైల్‌లో పాస్‌వర్డో ఏపీఐ కీయో ఉంటే ముందు దాన్ని మార్చేయండి. ఫిల్టర్-రిపో అనే టూల్‌తో పాత కమిట్లను తిరగరాసి హిస్టరీ కడగడం తర్వాతి సంగతి. కడిగినా, ఇప్పటికే క్లోన్ చేసుకున్నవాళ్ల దగ్గర పాతది ఉండనే ఉంటుంది.

ట్రాక్ కాని ఫైల్ విషయంలో అనుమానం వస్తే "గిట్ చెక్-ఇగ్నోర్ -వి" పక్కన ఫైల్ పేరు ఇవ్వండి. ఏ ఫైల్‌లో ఏ లైను దాన్ని ఆపుతోందో చూపిస్తుంది. నేను తెలివిగా ".ఈఎన్‌వీ*" అని (అలా మొదలయ్యే పేర్లన్నీ అని అర్థం) రాసి, కొత్తవాళ్ల కోసం పెట్టిన నమూనా ఫైల్ .ఈఎన్‌వీ.ఎగ్జాంపుల్ కూడా రిపోలోకి రాకుండా చేసుకున్న సంగతి దీంతోనే బయటపడింది. దాని కింద లైనులో "!.ఈఎన్‌వీ.ఎగ్జాంపుల్" రాస్తే సరిపోయింది; ముందున్న ! గుర్తుకి "దీన్ని మాత్రం వదిలేయకు" అని అర్థం. పైన రాస్తే పనిచేయదు, చివర మ్యాచ్ అయిన లైనుదే మాట.