ఆకాశపు ఫొటో బాగుందో లేదో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఆకాశాన్ని జల్లెడ పట్టే పెద్ద టెలిస్కోపులు ఒక్క రాత్రిలో వందల ఫొటోలు తీస్తాయని, వాటిలో పనికిరానివాటిని కంప్యూటరే పక్కన పెడుతుందని చదివాను. అది దేన్ని చూసి ఈ సంగతి తేలుస్తుంది?

జవాబు: కావలసిన కొలబద్ద ఆ ఫొటోలోనే ఉంటుంది. నక్షత్రాలు ఎంత పెద్దవైనా, అవి ఉన్న దూరం వల్ల మనకు చుక్కల్లాగే కనిపించాలి. అలాంటి నక్షత్రం ఫొటోలో చిన్న మచ్చలా పరుచుకుందంటే, అదంతా దారిలోని గాలి, టెలిస్కోపు అద్దాలు, కెమెరా కలిసి చేసిన పనే. అందుచేత సాఫ్ట్‌వేర్, మరీ ప్రకాశించి పిక్సెళ్లను నింపేసినవాటిని, పక్కవాటితో అతుక్కుపోయినవాటిని వదిలేసి, మిగిలిన నక్షత్రాలను ఏరుకుని, మచ్చ నడుమ ఉన్న వెలుగు సగానికి తగ్గే చోట దాని వెడల్పు ఎంతో కొలుస్తుంది. మంచి కొండ మీద, మంచి రాత్రి ఆ వెడల్పు ఒక ఆర్క్ సెకండుకు, అంటే డిగ్రీలో 3600వ వంతుకు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

వెడల్పు కంటే ఆకారమే ఎక్కువ సంగతులు బయటపెడుతుందని నా అభిప్రాయం. మచ్చలు గుండ్రంగానే ఉండి లావెక్కితే గాలి నిలకడగా లేదనో, ఫోకస్ కాస్త జారిందనో అనుమానించాలి. ఫోకస్ బాగా తప్పితే, ముందు చిన్న అద్దం అడ్డుండే టెలిస్కోపుల్లో ప్రతి నక్షత్రమూ ఉంగరంలా కనిపిస్తుంది. అన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటే, టెలిస్కోపు ఆకాశంతో పాటు సరిగ్గా తిరగలేదు, లేదా ఈదురుగాలికి ఊగింది. నడుమ గుండ్రంగా ఉండి అంచులకు పోయేకొద్దీ సాగుతుంటే అద్దాల అమరికను చూసుకోవాలి.

పలుచని మబ్బు ఫొటోలో మబ్బులా కనిపించదు. నక్షత్రాలను మసకబారుస్తుంది, అంతే. కాబట్టి ముందే కచ్చితంగా కొలిచి పట్టికకెక్కించిన నక్షత్రాల వెలుగుతో పోల్చి, దారిలో ఎంత వెలుగు పోయిందో లెక్కగడతారు.

చిలీ నుంచి 2013–2019 మధ్య ఆకాశాన్ని ఫొటోలు తీసిన డార్క్ ఎనర్జీ సర్వే అనే ప్రాజెక్టు ఇవన్నీ కలిపి ఒకే అంకెగా చేసింది: ఈ ఫొటోకు నిజంగా దక్కిన ఎక్స్‌పోజర్, అంటే వెలుగు పోగేసిన సమయం, ఎంత? మచ్చ వెడల్పు రెట్టింపైతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. 90 సెకండ్లు తీసినా, మంచి రాత్రి 22 సెకండ్లలో దొరికేదే చేతికొస్తుంది. మబ్బు సగం వెలుగు తినేసినా అంతే. వెన్నెల వల్ల ఆకాశపు వెలుగు రెట్టింపైతే సగమే మిగులుతుంది. ఆ అంకె మరీ తగ్గితే ఆ చోటును మళ్లీ ఫొటో తీసేవారు.

అంకె బాగున్న ఫొటోను కూడా ఉపగ్రహం గీత అడ్డంగా చీల్చి ఉండవచ్చు. చిలీలోనే ఉన్న రూబిన్ అబ్జర్వేటరీ ఫొటో ఒక్కొక్కటి 320 కోట్ల పిక్సెళ్లది. అందులో గీతలు కంటితో వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఆ పని వేరే ప్రోగ్రామ్ చేసి, ఫొటోను పారేయకుండా, గీత కింది పిక్సెళ్లకు మాత్రం గుర్తు పెడుతుంది.

ఇక పనికిరానిదెవరికి అన్నది కూడా చూడాలి. సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) కోసం వెతికేవారు కాస్త సాగిన మచ్చలతోనూ సర్దుకుంటారు. కంటికి కనిపించని కృష్ణపదార్థం (డార్క్ మ్యాటర్) వల్ల గెలాక్సీల ఆకారంలో వచ్చే అతి స్వల్పమైన వంపును కొలిచేవారికి అదే ఫొటో చాలా ఇబ్బంది పెడుతుంది.