టెక్ సందేహాలు: ఎనిమిది స్వరాల స్కేలు, ఏడు అక్షరాల సాఫ్ట్‌వేర్

సందేహం: జాజ్ గిటార్ నేర్చుకుంటున్నాను. సీ మైనర్ బీబాప్ స్కేలు నుంచి కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) కట్టుకుని రమ్మన్నారు మా మాస్టారు. నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో సీ మైనర్ కీ పెట్టి, సీ మీద థర్డ్స్ చేర్చుకుంటూ పోతే సీ మైనర్ సెవెంత్ వస్తోంది. ఆయనేమో మైనర్ సిక్స్త్ రావాలంటున్నారు. సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: సెట్టింగ్స్ జోలికి పోకండి. చిక్కంతా లెక్కపెట్టే పద్ధతిలో ఉంది. థర్డ్ చేర్చమంటే మ్యూజ్‌స్కోర్ ఒక అక్షరం వదిలి తర్వాతిది తీసుకుంటుంది: సీ, ఈ, జీ, బీ. వాటికి కీలో ఉన్న ఫ్లాట్లు తగిలిస్తుంది. అక్షరాలు ఏడే. మీ స్కేలులో స్వరాలు ఎనిమిది: సీ, డీ, ఈ ఫ్లాట్, ఎఫ్, జీ, ఏ ఫ్లాట్, ఏ, బీ. ఏ అనే అక్షరం రెండుసార్లు వచ్చింది, చూడండి. జీ తర్వాత ఒక స్వరం వదిలితే ఏ ఫ్లాట్ పోయి, ఏ దగ్గర ఆగాలి. సాఫ్ట్‌వేర్ రెండింటినీ దాటేసి బీ ఫ్లాట్ మీద వాలుతోంది. కర్ణాటక సంగీతం వచ్చినవారికి ఇంకో మాట: కీరవాణికీ గౌరీమనోహరికీ స్వరాల్లో తేడా ధైవతం ఒక్కటే. రెండు ధైవతాలనూ ఉంచేసుకుంటే మీ స్కేలే.

ఈ పనికి ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ చాలు. మిడి (కంప్యూటర్లు, వాయిద్యాలు స్వరాలను పంచుకునే పద్ధతి)లో ప్రతి స్వరానికీ ఒక నంబరు ఉంటుంది. సెమీటోన్‌కు (గిటార్‌పై ఒక ఫ్రెట్‌కు) ఒకటి చొప్పున పెరుగుతుంది, మిడిల్ సీ 60. షీట్‌లో మొదటిదైన ఏ (A) కాలమ్‌లో పైనుంచి 60, 62, 63, 65, 67, 68, 69, 71 వేయండి. వాటి కింద అవే అంకెలకు 12 కలిపి ఇంకో ఎనిమిది. ఇప్పుడు వరుస విడిచి వరుస నాలుగు ఏరండి. 60, 63, 67, 69, అంటే సీ, ఈ ఫ్లాట్, జీ, ఏ. మాస్టారు అడిగిన సీ మైనర్ సిక్స్త్ ఇదే. ఒక వరుస దిగి మొదలుపెడితే 62, 65, 68, 71: డిమినిష్డ్ సెవెంత్. ఇంకోటి దిగితే మళ్లీ సీ మైనర్ సిక్స్తే, ఈసారి ఈ ఫ్లాట్ అడుగున ఉంటుంది. చివరిదాకా ఇంతే, ఇదొకటి, అదొకటి. ఎనిమిది సరిసంఖ్య కాబట్టి బేసి వరుసలు, సరి వరుసలు ఎప్పటికీ కలవవు. ఏడు స్వరాల స్కేలులో ఈ అందం దొరకదు. నాకు ఈ స్కేలు మీద ఇష్టమంతా ఇక్కడే.

గిటార్‌పై ఇంత ఇరుగ్గా ఉన్న స్వరాలను పట్టుకోవడం కష్టం. అందుకే డ్రాప్ టూ: పైనుంచి రెండో స్వరాన్ని ఒక ఆక్టేవ్ (12 సెమీటోన్లు) దించుతారు. 67 కాస్తా 55 అవుతుంది. డీ, జీ, బీ, సన్న ఈ తీగల ఖాళీ నంబర్లు వరుసగా 50, 55, 59, 64. 55, 60, 63, 69 నుంచి వాటిని తీసేస్తే మిగిలేవి 5, 5, 4, 5. మీ వేళ్లు పెట్టాల్సిన ఫ్రెట్లు ఇవే.

షీట్‌లో బీ, సీ, డీ, ఈ కాలమ్‌ల మొదటి గడుల్లో వరుసగా ఏ5 మైనస్ 62, ఏ1 మైనస్ 55, ఏ3 మైనస్ 59, ఏ7 మైనస్ 64 ఫార్ములాలు రాసి ఎనిమిదో వరుస దాకా లాగండి (డీ తీగ 50కి, దించిన ఆక్టేవ్ 12 కలిపితే ఆ 62). 6-7-6-7, 7-8-8-8, 9-10-9-10, 10-12-10-11 ఇలా ఎనిమిది షేపులూ వచ్చేస్తాయి. ఏడో వరుసలోని 13-14-13-15 మరీ పైకి పోయిందనిపిస్తే అన్నింట్లో 12 తగ్గించి 1-2-1-3 వాయించండి. ఏ కాలమ్‌లో మొదటి 60 అడుగున ఉన్న అంకెలను, దానికి ఎంత కలపాలో చెప్పే ఫార్ములాలుగా రాసుకుంటే, ఆ 60ని 62 చేయగానే మొత్తం డీ మైనర్‌కి మారిపోతుంది.

వీటిని మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కించేటప్పుడు టాబ్ స్టాఫ్‌లో (తీగలనే గీతలుగా చూపేది) ఫ్రెట్ నంబర్లే కొట్టండి. గిటార్ నొటేషన్ పలికేదానికంటే ఒక ఆక్టేవ్ పైన రాస్తారు కాబట్టి, మామూలు స్టాఫ్‌లో వేస్తే తికమకపడతారు.

సందేహం: సీ మైనర్ సిక్స్త్ వాయిస్తే కార్డ్ గుర్తుపట్టే యాప్ ఏ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ అని చూపిస్తోంది. యాప్ తప్పా? – ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కాదు. రెండింట్లోనూ ఉన్నవి అవే నాలుగు స్వరాలు. బాస్‌లో ఎఫ్ మోగితే అవే ఎఫ్ నైన్త్ అవుతాయి. చుట్టూ ఏం మోగుతోందో యాప్‌కు తెలియదు, పేరు మీరే పెట్టాలి. మ్యూజ్‌స్కోర్‌లో స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్, కే నొక్కితే కార్డ్ పేరు టైప్ చేయొచ్చు. పై జవాబులోని డిమినిష్డ్‌కూ ఇదే వర్తిస్తుంది. బీ, డీ, ఎఫ్, ఏ ఫ్లాట్ అంటే రూట్ (మూల స్వరం జీ) లేని జీ సెవెన్ ఫ్లాట్ నైన్. అంటే ఆ ఎనిమిది షేపుల్లో సీ మైనర్, దాని డామినెంట్ (మళ్లీ సీ మైనర్ వైపు లాగే జీ కార్డ్) ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయన్నమాట. దీన్ని సిక్స్త్ డిమినిష్డ్ స్కేలు పేరుతో దశాబ్దాలపాటు నేర్పినవారు డెట్రాయిట్‌లో పుట్టిన పియానిస్టు బ్యారీ హ్యారిస్ (1929–2021). ఆయన క్లాసుల వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. పియానో మీద చెప్పినా గిటార్ వాయించేవారు తప్పక చూడాలి.

సందేహం: ల్యాప్‌టాప్‌కు గిటార్ కలిపి వాయిస్తే శబ్దం ఆలస్యంగా వినిపిస్తోంది. – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడుతుంటే ముందు అది తీసి వైర్డ్‌ది పెట్టండి. తర్వాత ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) కంపెనీ ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్) వేసి, బఫర్ (ఒక్కో విడతలో పంపే శాంపిళ్ల సంఖ్య) తగ్గించండి. 48,000 హెర్ట్జ్ దగ్గర 1024 బఫర్ అంటే ఒక్కో విడతకు 21 మిల్లీసెకన్లు, 128 అయితే 3 లోపే. చిటపటలు వినిపిస్తే 256కు పెంచండి.