కొత్త ట్యాంకులో అమ్మోనియా 4 చూపిస్తోందా? ముందు నీళ్లు, తర్వాత ఫిల్టరు, మందులు చివర్న

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది: చెన్నై వేళచ్చేరిలో ఫ్లాటు, రెండడుగుల ట్యాంకు పెట్టి పది రోజులు, అందులో ఆరు గోల్డ్‌ఫిష్. బోరు నీళ్లు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా (చేపల పెంట, మిగిలిన మేత నుంచి పుట్టే విషం) 4 పీపీఎం, అంటే లీటరుకి 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 8. చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. షాపాయన "నీళ్లన్నీ పారబోసి, రాళ్లూ ఫిల్టరూ ఉప్పేసి తోమి మళ్లీ నింపండి" అన్నాడు. నీళ్లు మార్చమనడం సరైనదే. రాళ్లు, ఫిల్టరు తోమమన్నాడు చూడండి, అది మాత్రం చేయకండి. పది రోజులుగా ఫిల్టరు స్పాంజిలో పుట్టుకొస్తున్న, అమ్మోనియాని తినే కాస్త బాక్టీరియా కూడా దాంతో పోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ రోజే చేయాల్సింది నీళ్లు మార్చడం. 2×1×1 అడుగుల ట్యాంకు కొలతకి 57 లీటర్లు పడుతుంది గానీ, రాళ్లు, పైన వదిలిన రెండంగుళాల ఖాళీ తీసేస్తే మీ దగ్గరున్న నీళ్లు 45 లీటర్లే అనుకోండి. ఇకమీద లెక్కలన్నీ ఈ 45తోనే వేసుకోవాలి. సగం మారిస్తే 4 కాస్తా 2 అవుతుంది. మూడు నాలుగు గంటలాగి మళ్లీ సగం మారిస్తే 1. అప్పటికి చేపలు ఊపిరి తీసుకుంటాయి. మర్నాటి నుంచి రోజూ మూడో వంతు, అంటే 15 లీటర్ల బకెట్ ఒకటి. సైఫన్ గొట్టం రాళ్లలోకి గుచ్చి, అడుగున చేరిన మేత, పెంట నీళ్లతో పాటే లాగేయండి.

"ఇన్ని నీళ్లు మారిస్తే బాక్టీరియా పోదా?" అని అందరూ అడుగుతారు. పోదు. ఆ బాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు, స్పాంజికీ రాళ్లకీ గాజుకీ అంటుకుని ఉంటుంది. నీళ్లు మార్చడంలో భయపడాల్సినవి వేరే ఉన్నాయి: వేడి తేడా, పీహెచ్ తేడా, క్లోరిన్.

చెన్నైలో వేడి సంగతి ముందు చూడాలి. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు ఎండాకాలం మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. తెల్లవారుజామునే పట్టి బకెట్లలో ఉంచుకోండి. కొత్త నీళ్లకీ ట్యాంకు నీళ్లకీ తేడా ఒకటి రెండు డిగ్రీలు మించకూడదు. బోరు నీళ్లయితే రాత్రంతా ఎయిర్ పంపు రాయి వేసి ఉంచండి. భూమిలోంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అందుకే పట్టిన వెంటనే చూస్తే పీహెచ్ 7.2 ఉన్న నీళ్లు, గాలి తగిలి తెల్లారేసరికి 8 చూపించవచ్చు. నిలవ ఉంచిన నీళ్ల పీహెచ్చే అసలు లెక్క. మెట్రో వాటర్ (ఊరి కుళాయి నీళ్లు), లారీ నీళ్లు వాడితే క్లోరిన్ ఉంటుందనే అనుకోండి, ఇరవై నాలుగు గంటలు గాలి కొట్టించండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. అవి క్లోరిన్‌కి మాత్రమే, అమ్మోనియాకి కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని నిశ్చింతగా కూర్చునేవాళ్లు చాలామంది.

ఇంకొకటి, మార్చబోయే నీళ్లనే ఒకసారి టెస్ట్ చేయండి. సెప్టిక్ ట్యాంకుకి దగ్గరగా ఉన్న బోర్లలో నీళ్లకే అమ్మోనియా ఉండొచ్చు. అదే జరిగితే ఎన్నిసార్లు మార్చినా కిందకి దిగదు, మీరేమో చేపల్ని అనుమానిస్తూ ఉంటారు.

టెస్ట్ కూడా జాగ్రత్తగా చేయాలి. ఏపీఐ కంపెనీ కిట్ అయితే 5 మి.లీ. నీళ్లలో మొదటి సీసా 8 చుక్కలు, రెండో సీసా 8 చుక్కలు, గట్టిగా ఐదు సెకన్లు కుదిపి ఐదు నిమిషాలు ఆగాలి. సీసా నిట్టనిలువుగా తలకిందులు చేసి పట్టుకుంటేనే చుక్క సరైన సైజులో పడుతుంది, వాల్చి పట్టుకుంటే పెద్దదీ చిన్నదీ అవుతుంది. రంగు పగటి వెలుతురులో, కార్డు తెల్లభాగానికి ఆనించి చూడాలి. పసుపు ట్యూబ్‌లైట్ కింద 0.25 కూడా సున్నాలానే కనిపిస్తుంది. ఆ నీళ్లు సింకులో పోయండి, ట్యాంకులో కాదు.

ఇప్పుడు ఆ 4 అంకె మీకు ఎందుకంత ప్రమాదమో చూద్దాం. ఎందుకంటే ఇదే 4 బెంగళూరులో పీహెచ్ 7 నీళ్లున్నవాళ్లకి ఇంత గొడవ తేదు. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో మొప్పల్ని కాల్చేది స్వేచ్ఛగా ఉన్న అమ్మోనియా, మిగతాది అమ్మోనియం, దాంతో అంత హాని లేదు. ఏది ఎంత ఉండాలో పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. పీహెచ్ 7, 25 డిగ్రీల దగ్గర విషపు భాగం అర శాతం చిల్లర. పీహెచ్ 8, 30 డిగ్రీల దగ్గర 7 శాతం దాటుతుంది. మీ 4లో అది దాదాపు 0.3 పీపీఎం. 0.05 దాటితే చాలు, మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. పైగా 30 డిగ్రీల నీళ్లు లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మించి పట్టుకోలేవు, కాబట్టి దెబ్బతిన్న మొప్పకి రెండు వైపులా కష్టమే. మీ నీళ్లకైతే కిట్ 0.5 దాటకుండా చూసుకోండి.

అయితే పీహెచ్ దించేస్తే సరిపోతుందిగా అని నిమ్మరసం పిండకండి, యాసిడ్ చుక్కలు వేయకండి. బోరు నీళ్ల కాఠిన్యం దాన్ని రెండు రోజుల్లో మళ్లీ పైకి లాగేస్తుంది, ఆ ఎక్కిదిగుళ్లలో చేపలు ఇంకా నలిగిపోతాయి. దానికంటే నీటి మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టండి: రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆక్సిజన్ పెరుగుతుంది. ఆవిరై తగ్గిన నీటిని పోసుకుంటూ ఉండాలి, అంతే.

మేత. మూడు రోజులు పూర్తిగా ఆపండి. గోల్డ్‌ఫిష్ అడుక్కున్నట్టు గాజు దగ్గరికొచ్చి తోక ఊపినా కరిగిపోవద్దు, వారం తినకపోయినా పెద్ద చేపకి ఏమీ కాదు. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే, చేప ద్వారా సుమారు 30 మి.గ్రా. నత్రజని అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుంది. మీ 45 లీటర్లలో అది ఒక్క రోజులో 0.67 పీపీఎం దాకా. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే మీరు వేసే చిటికెడు ఒకసారి తూచి చూడండి, చాలామంది చిటికెడు అనుకునేది గ్రాము దాటుతుంది. నాలుగో రోజు నుంచి రోజు మార్చి రోజు, నిమిషంలో తినేసేంత.

ఫిల్టరు ఇరవై నాలుగు గంటలూ నడవాలి. "రాత్రి చప్పుడు, ఆపేస్తాం" అంటే కుదరదు. ఆ బాక్టీరియాకి ఊపిరి కావాలి, నీటి ప్రవాహం ఆగితే గంటల్లోనే నీరసించడం మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఉంటే చాలు. కేనిస్టర్ ఫిల్టరు (ట్యాంకు బయట మూసిన డబ్బాలా ఉండేది) నాలుగైదు గంటలు ఆగిపోయి ఉంటే, లోపలి కుళ్లు నీళ్లు పారబోశాకే మళ్లీ ఆన్ చేయండి. లేకపోతే అదంతా ఒక్కసారిగా ట్యాంకులోకి దిగుతుంది. స్పాంజి మురికైతే, తీసిన ట్యాంకు నీళ్లలోనే బకెట్‌లో రెండు సార్లు పిండండి, కుళాయి కింద వద్దు. "నెలనెలా స్పాంజి మార్చండి" అని డబ్బా మీద రాసి ఉంటుంది. అది స్పాంజి అమ్ముకునేవాళ్ల సలహా. చిరిగేదాకా అదే వాడండి.

వేగంగా తేల్చే దారి ఒక్కటే ఉంది: ఏడాదిగా నడుస్తున్న ఎవరి ట్యాంకులోనైనా వాడిన స్పాంజి ముక్కో, సిరామిక్ రింగులో తెచ్చుకోండి. తెలిసినవాళ్లు ఉంటే మంచిది. చెన్నైలో రంగు చేపల షాపులుండే కొళత్తూరులో కొంటే చేపల మీద తెల్లమచ్చలు, అతుక్కుపోయిన రెక్కలు కనిపించని ట్యాంకు చూసి అడగండి. ఆ ట్యాంకు నీళ్లతోనే సంచిలో వేసుకుని, ఎండలో ఆగకుండా ఇంటికి తెచ్చి, మీ ఫిల్టరులో నీళ్లు పారే చోట పెట్టేయండి. చేతినిండా పాత స్పాంజి ఉంటే, బాక్టీరియా ఎదగడానికి పట్టే నాలుగు వారాల పని వారం పది రోజుల్లో అయిపోవచ్చు. సీసాల్లో వచ్చే బాక్టీరియా సంగతి అడిగారు. కొన్ని పనిచేస్తాయి, కానీ ఎండలో లారీలో వచ్చి, షాపు కిటికీలో నిలవ ఉన్న సీసాలో ఏం బతికుందో ఎవరూ చెప్పలేరు. వేసినా నష్టం లేదు, దాన్ని నమ్మి నీళ్లు మార్చడం మానేస్తేనే నష్టం.

మందుల్లో సీకెమ్ ప్రైమ్ (నీళ్లలో క్లోరిన్ తీసే ద్రావణం) లాంటివి దగ్గర పెట్టుకోవచ్చు. లేబుల్ మీద 200 లీటర్లకి 5 మి.లీ. అని ఉంటుంది, మీ ట్యాంకుకి సూది లేని సిరంజితో 1.1 మి.లీ. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారు పడకండి, అది దాని సహజమైన వాసనే. నా ఉద్దేశంలో దాని పని క్లోరిన్ తీయడం వరకే అనుకుని, అమ్మోనియాకి నీళ్లు మార్చడాన్నే నమ్ముకోవాలి. జియోలైట్ రాళ్లు అమ్మోనియంని నిజంగానే పట్టుకుంటాయి. కానీ ట్యాంకులో ఉప్పు ఉంటే పట్టుకున్నదంతా వదిలేస్తాయి, ఎందుకంటే వాటిని శుభ్రం చేసేదే ఉప్పునీళ్లతో. ఉప్పు, జియోలైట్ రెండూ కలిపి వాడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది.

ఉప్పు అవసరం రెండో దశలో. అమ్మోనియా దిగిందని సంబరపడే సమయానికి, బాక్టీరియా దాన్ని మార్చగా వచ్చే నైట్రైట్ లేస్తుంది. నెత్తురు ఆక్సిజన్ మోయకుండా చేసేది అదే, మొప్పలు గోధుమ రంగుకి తిరుగుతాయి. రాళ్ల ఉప్పు లీటరుకి ఒక గ్రాము చొప్పున, అంటే 45 గ్రాములు, విడిగా కరిగించి రెండు గంటల్లో కొద్దికొద్దిగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోకి దూరనివ్వదు. తర్వాత 15 లీటర్లు మార్చినప్పుడు 15 గ్రాములే కలపాలి, ఉప్పు ఆవిరవదు కదా. కోరిడోరాస్ (అడుగున తిరిగే చిన్న చేపలు), సున్నితమైన మొక్కలు ఉంటే ఇంత వేయకండి.

ఆర్‌ఓ నీళ్లు మాత్రమే నింపినవాళ్లకి ఇంకో చిక్కు ఉంది, మీకు వర్తించకపోయినా చెప్పాలి. అందులో ఆమ్లాన్ని ఆపే ఖనిజాలుండవు. అమ్మోనియాని తినే బాక్టీరియా ప్రతి గ్రాము నత్రజనికి ఏడు గ్రాముల క్షారతని, అంటే ఆమ్లాన్ని ఆపే ఆ ఖనిజాల్ని, ఖర్చు చేస్తుంది. అది అయిపోయాక పీహెచ్ 6.5 కిందకి జారి, బాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియం పేరుకుంటుంది. అప్పుడు కంగారులో ఒక్కసారిగా బోరు నీళ్లు కుమ్మరిస్తే ఆ అమ్మోనియం అంతా విషంగా మారిపోతుంది. నెమ్మదిగా, రోజుకి పదో వంతు మార్చుకుంటూ ఎక్కించాలి. లేదా 45 లీటర్లకి రెండు గ్రాముల వంట సోడాతో మొదలుపెట్టి, పీహెచ్ చూసుకుంటూ.

ఇక చేపల సంఖ్య. గోల్డ్‌ఫిష్ అరచేయి పొడవు పెరిగే చేప, మిగతా వాటికంటే ఎక్కువ పెంట వేస్తుంది. 45 లీటర్లకి ఆరు కాదు, ఒకటే ఎక్కువ. ఎంత మంచి ఫిల్టరున్నా ఆరింటిని ఇది మోయలేదు, కాబట్టి కనీసం నాలుగింటిని ఈ వారమే తిరిగిచ్చేయండి. డబ్బు రాకపోయినా తీసుకునే షాపులు దొరుకుతాయి. చెరువులో మాత్రం వదలకండి, అక్కడి చేపలకి అది కొత్త తలనొప్పి. ఈ ట్యాంకు, ఈ నీళ్లతో మీ ఇంట్లో హాయిగా ఉండేవి గప్పీలు, మోలీలు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ ఏడు రోజులు వరసగా సున్నా చూపించాక, గోల్డ్‌ఫిష్ అన్నీ వెళ్లాక, గప్పీలు నాలుగు తెచ్చుకోండి. రెండు వారాలాగి మరో నాలుగు.