ఆఫీసులో బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మాట తెగిపోతుంటే ముందు మీ టేబుల్ మీదే వెతకండి

ఇంట్లో చక్కగా పనిచేసే బ్లూటూత్ హెడ్‌సెట్‌లో ఆఫీసుకు వచ్చేసరికి మాట తెగిపోతోందని, మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోందని, కొత్త హెడ్‌సెట్ కొనాలా అని అడిగారు. అప్పుడే కొనకండి. మా ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూసేది నేనే. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావరకు హెడ్‌సెట్ లోపం కాదని, దాని పక్కనున్న వస్తువులదేనని తేలింది.

బ్లూటూత్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను, అంటే ఒకే రేడియో తరంగాల పరిధిని, వాడుకుంటాయి కనుక అందరూ ముందు వైఫైనే అనుమానిస్తారు. అయితే హెడ్‌సెట్లు వాడే క్లాసిక్ బ్లూటూత్ ఆ బ్యాండ్‌లోని 79 ఛానెళ్ల (చిన్న భాగాల) మధ్య సెకనుకు 1600 సార్లు మారుతూ ఉంటుంది. పైగా 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి, రద్దీగా ఉన్న ఛానెళ్లను గుర్తించి వదిలేసే ఏర్పాటు కూడా ఉంది. అందువల్ల ఒక వైఫై ఛానెల్‌ను అది తట్టుకోగలదు. బ్యాండ్ మొత్తాన్నీ కమ్మేసే రేడియో రొద పక్కనే ఉంటే మాత్రం తప్పించుకునే చోటు మిగలదు.

అటువంటి రొద యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి, వాటి కేబుళ్ల నుంచి వస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. మా సహోద్యోగి ఒకరి మౌస్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ మొరాయించేది, కాపీ ముగియగానే మామూలుగా కదిలేది. చూస్తే బ్లూటూత్ డాంగిల్ (కంప్యూటర్‌కు బ్లూటూత్ ఇచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క), హార్డ్ డిస్క్ పక్కపక్క పోర్టుల్లోనే ఉన్నాయి. డాంగిల్‌ను ఒక యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మానిటర్ ముందుకు తెచ్చి పెట్టగానే, కాపీ నడుస్తుండగానే మౌస్ సాఫీగా కదిలింది. కనుక మీరూ డాక్, హబ్ (అదనపు పోర్టులు ఇచ్చే పెట్టెలు), డిస్క్ అన్నీ తీసేసి ఒక కాల్ చేసి చూడండి. బాగుంటే ఒక్కొక్కటే తిరిగి తగిలిస్తూ పోతే ఇబ్బంది పెడుతున్నదేదో బయటపడుతుంది.

అవన్నీ తీసేసినా మార్పు లేకపోతే అప్పుడు వైఫై వైపు చూడాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉంటాయి కనుక, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే ఆ కార్డు మీద భారం తగ్గుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ వెడల్పును 40 మెగాహెర్ట్జ్ కాకుండా 20 దగ్గరే ఉంచమని మీ నెట్‌వర్క్ బృందాన్ని అడగండి. 40 పెడితే బ్యాండ్‌లో దాదాపు సగం ఒక్క యాక్సెస్ పాయింటే (వైఫై అందించే పెట్టె) ఆక్రమిస్తుంది. హెడ్‌సెట్‌ను ఫోన్‌కు కలిపి మాట్లాడేవారైతే ఫోన్‌ను వెనక జేబులో పెట్టుకోకండి, మన శరీరం కూడా ఈ తరంగాలను బాగా పీల్చుకుంటుంది.

ఒక్క విషయం వేరుగా చూడాలి. మాట తెగకుండా, మైక్ ఆన్ అయిన క్షణం నుంచి శబ్దం మొద్దుబారినట్లు వినిపిస్తుంటే అది ఇంటర్‌ఫియరెన్స్ (వేరే తరంగాల అడ్డంకి) కాదు. హెడ్‌సెట్ సంగీతం వినే ప్రొఫైల్ (శబ్దాన్ని పంపే పద్ధతి) నుంచి కాల్ ప్రొఫైల్‌కు మారిందన్నమాట. దానికి ల్యాప్‌టాప్ సొంత మైక్‌ను ఎంచుకుని, హెడ్‌సెట్‌ను వినడానికి మాత్రమే వాడితే సరిపోతుంది.