గిలిగిచ్చ ఎండిందని పీకొద్దు

అమ్మీ,

గువ్వలచెరువు దగ్గర కొండపల్లెలో పిల్లోళ్ళను కూడేసి, ఈ ఆశ్వయుజంలో వలస సీతాకోకచిలుకల లెక్క తీస్తావంట. మీ నాయన ఫోన్లో చెప్పినప్పటి నుంచి ఎంత సంతోషమో అంత దిగులు. సంతోషం నువ్వు ఇంటికొచ్చినప్పుడు చెప్తా. ముందు దిగులు విను.

వంక ఇసకలో పిల్లోళ్ళను కూర్చోబెట్టొద్దు, నువ్వూ కూర్చోవద్దు. లేతపచ్చ రెక్కలవి తడి ఇసక మీద గుంపుగా వాలి ఉప్పు పీల్చుకుంటా ఉంటే ఫోటో కోసం దిగబుద్ధి అవుతుంది. అక్టోబరు, నవంబరు అంటే మనకు తుపాను వానల కాలం. పల్లె మీద ఎండ కాస్తా ఉన్నా, పైన కొండలో కురిసిన వాన ఒక్కసారిగా వంకకొస్తుంది. ముందు నీళ్ళు ఎర్రబడతాయి, పుల్లలూ ఎండుటాకులూ కొట్టుకొస్తాయి, చప్పుడు ఆ తర్వాత. చప్పుడు వినబడే దాకా ఆగితే ఆలస్యమే. నీళ్ళ రంగు మారిందంటే సంచులు అక్కడే వదిలేసి గట్టెక్కండి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళమీద పడింది, మరిచిపోవద్దు. లెక్క గట్టు మీద నుంచే తియ్యి. గట్టెక్కే తోవలు రెండు ముందురోజే చూసిపెట్టుకో.

అనుమతి కాగితం అటవీశాఖ రేంజి ఆఫీసులో ముందే తీసుకో. ఎర్రచందనం కొండలు కదా, సంచులేసుకొని తిరిగే కొత్త మనుషుల్ని ఆపి అడుగుతారు. ఘాటు మలుపుల్లో పిల్లోళ్ళను నిలబెట్టొద్దు, లారీలు చూసుకోవు. పెద్దతేనె పట్టున్న బండ కిందికి పోవద్దు, ఆ రోజు సెంటు పూసుకోవద్దు. నీళ్ళు, టోపీ, విజిల్. ఇంతే.

ఇంక అసలు సంగతి. చుట్టాలొస్తున్నారని ఇల్లు ఊడ్చినట్టు, సీతాకోకలొస్తాయని నువ్వు పల్లె చుట్టూ శుభ్రం చేయిస్తావేమోనని నా బయం. మేమొక ఏడు ఆ పనే చేసినాము. దసరాకు ముందు గెనాల మీదా వంక గట్టు మీదా ఎండి నల్లబడిన గిలిగిచ్చ, తేలుమణి అనే పిచ్చిమొక్కలన్నీ పీకి, కుప్పేసి కాల్చినాము. ఆ చోట్లో ముద్దబంతి నాటినాము. చూసేకి బలే ఉండింది. సీతాకోకలు వచ్చినాయి, బంతిపూల మీద ఒక తిరుగు తిరిగినాయి, నిలవకుండా పక్క లోయకు పోయినాయి. ఆ లోయలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎండు గిలిగిచ్చ కాడకాడకూ అవే వేలాడతా ఉన్నాయి.

ఎందుకో విను. దక్షిణాదిన గుంపులుగా వలసపోయే సీతాకోకల్లో ముఖ్యమైనవి బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో. వీటిలో మగవాటికి పూలతేనె ఒక్కటే చాలదు. గిలిగిచ్చలోనూ తేలుమణిలోనూ పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లనే చేదు విషం ఉంటుంది. పచ్చి చెట్టులో కంటే వాడి, ఎండి, విరిగిన కాడలో అది వాటికి తేలికగా అందుతుంది. మగది వచ్చి విరిగిన చోటే వాలుతుంది. చుట్టచుట్టుకున్న తొండాన్ని మెల్లగా సాచి కాడ మీద ఇంత తడి వదులుతుంది, ఆ తడిలో కరిగినదాన్ని తిరిగి పీల్చుకుంటుంది. మళ్ళీ తడి, మళ్ళీ పీల్చడం. ఎంతసేపైనా అదే పని, నువ్వు మూరెడు దూరంలో ముఖం పెట్టినా లేవదు. ఆ విషంతోనే పొట్ట చివర దాచుకున్న వెంట్రుకల కుచ్చుకు వాసన తయారు చేసుకుంటుంది. జోడు కట్టే ముందు కుచ్చు విప్పి ఆడదానికి ఆ వాసన చూపిస్తుంది. జోడు కట్టినప్పుడు కొంత విషం ఆడదానికీ, దాని నుంచి గుడ్లకూ అందుతుంది, తినడానికొచ్చే పురుగూ పుట్రా నుంచి కాస్తుంది. పెళ్ళి సామానంతా చెత్త అనుకొని అగ్గిపెట్టినాము అమ్మీ.

నువ్వు మాత్రం ఎండినదాన్ని ఎండినట్టే వదిలెయ్యి. పంచాయతీ వాళ్ళు స్వచ్ఛత పేరుతో గట్టు గీకిస్తామంటే కార్తీకం దాటినాక గీకమని బతిమాలు. గిలిగిచ్చ తక్కువున్న చోట తేలుమణి కట్టలు కట్టు. పూలకంకి తేలుకొండి మాదిరి వంకర తిరిగుంటుంది, నీళ్ళు తీసిన చెరువు అంచున దొరుకుతుంది. వేర్లతో పీకి, పిడికెడు కట్టగా, తలకిందులుగా, రొమ్మెత్తున, సగం నీడలో వేలాడదీయి. రెండు మూడు రోజులకు వాడుతుంది. గలగలమనేటంత ఎండితే పొద్దున్నే కొంచెం నీళ్ళు చిలకరించు. ఒక చోటికి 4, 5 కట్టలు చాలు. ఉన్నదంతా పీకొద్దు, విత్తనానికి సగం ఉండనీ. మేకలకు అందేటట్టు కట్టొద్దు, అదే విషం పశువుల కాలేయాన్ని చెరుపుతుంది. పట్టుకున్న పిల్లోళ్ళ చేత చేతులు కడిగించు.

ముద్దబంతి మీద మోజు పడొద్దు. రేకలు కిక్కిరిసిపోయి తొండం దిగేకి సందుండదు. రెక్కబంతి మేలు. అంతకంటే మేలు ఎవరూ నాటని గడ్డిచామంతి. గొంగళిపురుగులకు కావలసింది వేరే: జిల్లేడు, తంగేడు, మర్రి, గన్నేరు, కంపల మీద పాకే పాలతీగలు. వాటి మీద కలుపుమందు పడకుండా రైతుల్ని అడుగు. గాలి లేని సాయంత్రం కొట్టుకొని, గెనిమ పక్కన పది అడుగులు వదిలేస్తే వాళ్ళకు పోయేదేమీ లేదు. వేపనూనె మందు కాదులే అనుకొని జిల్లేడు మీద కొట్టేరు, పురుగు దానికీ చస్తుంది.

లెక్క రెండు రకాలు, కలపొద్దు. నడిచి తీసేటప్పుడు ఎడమకు రెండున్నర మీటర్లు, కుడికి రెండున్నర, ముందుకు ఐదు మీటర్లు. ఆ పెట్టెలో కనబడినవే రాసుకో, దూరంగా ఎన్ని ఎగిరినా ఆశపడొద్దు. నిలబడి తీసేటప్పుడు రెండు చెట్ల మధ్య గీత ఉందనుకొని, 15 నిమిషాల్లో ఆ గీత దాటినవి లెక్కపెట్టు. అటు పోయినవి ఒక గడిలో, ఇటు వచ్చినవి ఇంకొక గడిలో. దిక్సూచి చూసి దిక్కు రాయి, గుడ్డపేలిక కట్టి గాలి దిక్కూ రాయి. దక్షిణాదిన వేసవి చివర పడమటి కనుమల నుంచి తూర్పుకు పోయినవాటి తర్వాతి తరాలు అక్టోబరు, నవంబరుల్లో తిరిగి పడమరకు మళ్ళుతాయి. అందుకే దిక్కు రాయని లెక్క సగం లెక్క. ఒక్కటీ దాటకపోతే సున్నా రాయి, గడి ఖాళీగా వదలొద్దు. తేలుమణి కట్టల దగ్గర నిలబడి లెక్క తీస్తే అన్నీ మగవే వచ్చి లెక్క చెడుతుంది, వంద అడుగులు అవతల నిలబడు.

బ్లూ టైగర్‌కు మచ్చలు వెడల్పు, డార్క్ బ్లూ టైగర్‌కు సన్నం, రెక్క మొత్తమ్మీద నలుపెక్కువ. డబుల్ బ్రాండెడ్ క్రో మగదానికి ముందురెక్క పైవైపు రెండు గీతలుంటాయి, రెక్క మూసుకుంటే కనబడవు. తెలియనప్పుడు "టైగర్", "క్రో" అని మాత్రం రాయించు. పిల్లోళ్ళు ఊహించి పేరు పెడితే తర్వాత దిద్దలేవు. రాత్రి గుంపుగా వేలాడేటప్పుడు టార్చి వెయ్యనియ్యొద్దు. పట్టి రెక్క చూడనియ్యొద్దు, వేలికి అంటిన పొడి మళ్ళీ రాదు.

చిన్నప్పుడు జిల్లేడు ఆకుతో సహా పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకొని బడికి పోయినావు, గుర్తుందా? పెట్టెలోనే అది లేతపచ్చ గూడు కట్టి, బంగారు చుక్కలు తేలింది. రెక్కలు చాచుకొనేకి చోటు లేక వంకరగా బయటికొస్తే రెండు రోజులు అన్నం తినలేదు నువ్వు. ఆ పల్లెలోనూ అట్లాంటి పాప ఒకతి ఉంటుంది. దానికి వెడల్పు గాజుసీసా, మూతికి పలచటి గుడ్డ, లోపల నిలువుగా ఒక పుల్ల ఇయ్యి.

మెక్సికోలో మిచోవాకాన్ కొండల పల్లెలకు ఇదే కుటుంబపు మోనార్కు సీతాకోకలు నవంబరు మొదట్లో వస్తాయి. అప్పుడే వాళ్ళకు పోయినోళ్ళను తలుచుకొనే పండగ, మన మహాలయ అమావాస్య మాదిరి. పెద్దలే రెక్కలతో వస్తున్నారని నమ్ముతారు. ఆ కొండల గుట్టు సైన్సు వాళ్ళకు తెలిసింది 1975లో, పల్లెవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. నువ్వూ పల్లెలో ముందు ముసలోళ్ళ దగ్గర కూర్చో. ఏ చింత కింద వాలేవి, ఏ వంక వెంబడి పోయేవి, వాన ముందా వెనకా, అని అడిగి రాసుకో. ఆ తర్వాతే తోవలు ఏర్పరుచుకో.

కొండకు పోయే ముందు ఒకసారి, దిగినాక ఒకసారి ఫోన్ చెయ్యి. సిగ్నలు లేకపోతే గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ళ దగ్గర ఆగి చెయ్యి. మీ పెద్దమ్మకు అరకిలో కోవా కట్టించుకొని రా. నాకు ఆ లెక్క పుస్తకం తెచ్చి చూపియ్యి, సున్నాలతో సహా.

మీ పెదనాయన