ఫైర్ సిలిండర్ చేతికందేలా ఉండాలి బాబూ

బాబూ,

భోగాపురం దగ్గర సైటులో వెల్డింగ్ గ్యాంగు నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ముప్పై ఏళ్లు కటింగ్ టార్చ్ పట్టినవాణ్ణి కాబట్టి ఒక్క సంగతి చెప్తాను.

మంటలార్పే ఫైర్ సిలిండర్ స్టోర్‌రూమ్‌లో ఉంటే లేనట్టే. ఒకసారి రెండో అంతస్తులో రాడ్లు కోస్తున్నాం. స్లాబులో పైపుల కోసం వదిలిన కంతలోంచి రవ్వలు జారి, కింద క్యూరింగ్‌కి, అంటే కాంక్రీటు తడారకుండా పరిచిన గోనెపట్టాల మీద పడ్డాయి. అవి ఎండకి పెళపెళలాడుతున్నాయి. జనపనార ఎలా అంటుకుంటుందో జూట్ మిల్లు ఊరు నెల్లిమర్ల వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మంట లేదు, గోనె మడతలో సన్నటి ఎర్రంచు పాకుతోంది, అంతే. మేం చూడలేదు, భోజనానికి వెళ్లిపోయాం. వచ్చేసరికి షట్టరింగ్ ప్లైవుడ్ మండుతోంది. స్టోర్ తాళం ఉన్నవాడు బజారుకి వెళ్లాడు. బకెట్లతో ఆర్పాం గానీ, ఒక కుర్రాడి అరచెయ్యి కాలింది. ఆ చెయ్యి ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది నాకు.

రవ్వలు 35 అడుగుల దాకా పోతాయని లెక్క. ఎత్తులో పనైతే ఇంకా దూరమే పడతాయి. ఆ మేరకి గోనెలు, థర్మోకోల్, పెయింటు డబ్బాలు తీయించు. తీయలేనివాటిని ఫైర్ బ్లాంకెట్‌తో కప్పించు. కంతలన్నీ రేకుతో మూయించు. కింది అంతస్తు కూడా నీ పనిలో భాగమే.

వెల్డర్ పక్కనే 6 కేజీల ఏబీసీ పౌడర్ (చెక్క, నూనె, కరెంటు మంటలకి పనికొచ్చేది) సిలిండర్, రెండు బకెట్ల నీళ్లు పెట్టించు. పొద్దున్నే గేజి ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో నువ్వే చూడు. పిన్ను లాగి, గాలి వీపుకి తగిలేలా నిలబడి, మంట మొదట్లోకి కొట్టాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరుగుతుంది కదా, అది గుర్తుంచుకో. పౌడర్ అట్టే సేపు రాదు, దూరం నుంచి కొడితే వృథా. పైగా అది మంటనే అణుస్తుంది, గోనె లోపలి వేడి పోదు. తర్వాత నీళ్లు పోసి తడపాల్సిందే. కరెంటు ఉంటే మాత్రం మెయిన్ ఆపాకే నీళ్లు.

కాపలాకి ఒక మనిషిని పెట్టు, వాడికి వేరే పని చెప్పకు. పనయ్యాక కూడా గంటసేపు అక్కడే ఉండాలి, భోజనం వేళైనా సరే. కూలీ దండగని మేస్త్రీ సణుగుతాడు. వినకు.

కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడి చేతా సిలిండర్ ఒకసారి ఎత్తించి, పిన్ను ఎక్కడుందో వేలుపెట్టి చూపించమను. టెక్కలి వచ్చినప్పుడు ఎంతమంది సరిగ్గా చూపించారో నాకు చెప్పు.

మీ పెదనాన్న